స్నేహ ఆకు వేయని రోజులు

మార్చి 1, శనివారం

స్నేహ బడికి పోయి వచ్చాను. పెళ్లయి హిందూపురానికి వచ్చి మూడేళ్లయింది. ఆయన తోడు లేకుండా అంత దూరం నడవడం ఇదే మొదలు. దారి నాకు తెలియదు. స్నేహే చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. "ఈడ కాలవ ఉండాది, చూసుకో చిన్నమ్మా. ఆ మూల అంగడి కాడ ఎడమకు తిరగాల, గుర్తు పెట్టుకో" అని ప్రతి సందులోనూ చెప్పింది, నేనే బడికి కొత్తగా చేరిన పిల్లనైనట్టు.

పరీక్షలదాకా ప్రతి శనివారం ఐదో తరగతి పిల్లల ఇళ్లవాళ్లు బడికి రావాలట. ఒక వారం అందరూ కలిసి కథలు చదవాలి, ఒక వారం మొక్కలు నాటాలి, ఒక వారం పెనుకొండ పోవాలి. ఒక్కో ఇంట్లో ఒక్కో తట్ట పట్టు పురుగులు కూడా పెంచాలి. పెద్ద మేడమ్ సుధారాణి ఇదంతా చెప్పింది.

అందరినీ లేచి పేరు, చదువు చెప్పమన్నారు. నా వంతు వచ్చినా నేను లేవకుండా కూర్చునే ఉన్నాను. ఇంతలో స్నేహ లేచింది. "మా చిన్నమ్మ మేడమ్. పేరు సుకన్య. ఐదు చదివింది."

"అయితే మీ ఇద్దరిదీ ఒకే క్లాసు" అంది మేడమ్. అందరూ నవ్వారు. స్నేహ కూడా నవ్వింది. నాకు కోపం రాలేదు.

చివర్లో ఆడపిల్లల తల్లులను ఆపి ఇంకో మాట చెప్పింది. పెనుకొండలో హాస్టలుతో బడి ఉంది, ఆరు నుంచి పన్నెండుదాకా అక్కడే ఉండి చదువుకోవచ్చు. కావాలనుకునేవాళ్లు ఆఖరి శనివారం, ఏప్రిల్ ఐదున, పిల్ల తండ్రిని తీసుకురావాలి. ఆయన ఎదురుగా ఒప్పుకుంటేనే సీటు.

వచ్చేటప్పుడు దారంతా స్నేహ నోట అదే మాట.

మార్చి 3, సోమవారం

ఆయనకు అన్నం పెడుతూ హాస్టలు సంగతి చెప్పాను. "చూద్దాం" అన్నారు. పురుగుమందుల అంగడికి రైతులు వచ్చి అప్పు అడిగితే కూడా ఆయన అదే మాట అంటారు.

అత్త గోడవతల నుంచే విన్నది.

"పెనుకొండా లేదు, గినుకొండా లేదు. వయసొస్తా ఉండే పిల్లను ఆడ ఎవురు చూస్తారే? పెద్దమనిషి అయ్యేదాకా ఈడ సదువుకోనీ. ఆ మీట చేసుకునేదానికి అశోక్ ఉండాడు గదా."

అశోక్ స్నేహకు మేనమామ, పోయిన అక్కకు, అంటే ఆయన మొదటి భార్యకు, తమ్ముడు. అక్క పోయేనాటికి స్నేహకు నాలుగేళ్లట. అశోక్‌కు ధర్మవరంలో మగ్గాల షెడ్డు ఉంది. ముప్పై దగ్గర పడుతున్నా పిల్ల దొరకలేదు.

"దానికి పదకొండేళ్లే గదా" అన్నాను. చిన్నగానే అన్నాను.

"ఇప్పుడే పెండ్లి చేస్తామా ఏంది? మాట అనుకుంటాం అంతే" అన్నారు ఆయన.

మాట అనుకుంటే పెళ్లి అయినట్టు కాదు. అది నిజమే. నన్ను కూడా ఐదు అయిపోయిన ఎండాకాలంలోనే బడి మాన్పించారు, నేను పెద్దదాన్నయ్యానని. నాకేం తక్కువైంది.

మార్చి 8, శనివారం

పురుగులు వచ్చాయి. మా ఊళ్లో వీటిని రేష్మ పురుగులంటాం. పెనుకొండ పక్కన మా పుట్టింట్లో ఇప్పటికీ ఇదే పని. అత్తవాళ్లు కూడా ఊళ్లో ఉన్నప్పుడు పెంచినవాళ్లే. అంగడి పెట్టి టౌనుకు వచ్చాక మానేశారు. బడిలో రెండో జ్వరం దాటిన పురుగు పిల్లల్ని ఇచ్చారు. పురుగు తిండి మాని, తల ఎత్తి, కదలకుండా ఉండి పొర విడుస్తుంది. దాన్ని జ్వరమంటారు. అలా నాలుగు జ్వరాలు దాటాక గూడు కడుతుంది.

ఆయన ఎరుకలో ఉండే అంజనప్ప అనే రైతు రోజూ అంగడి దగ్గర ఆకు ఇచ్చిపోతాడట. మందు కొట్టని తోట అతనిది. మా ఇంట్లో ఆ భయమే ఎక్కువ. "అంగడి చొక్కాతో తట్ట కాడికి రావద్దు నాయనా" అని స్నేహ వాళ్ల నాయనకు గట్టిగా చెప్పింది. ఆయన నిజంగానే బయట చొక్కా విప్పి, చేతులు కడుక్కుని వచ్చి చూశారు.

మేడమ్ ఇంకొకటి కూడా చెప్పింది. "ముట్టయిన ఆడవాళ్లు దగ్గరికి పోతే పురుగులు చచ్చిపోతాయంటారు మన ఊళ్లల్లో. అదంతా ఉత్తదే. మురికి చేతులకు చస్తాయి, మైలకు చావవు." తల్లులందరం తల ఊపాం. నేనూ ఊపాను. మేడమ్ టౌనులో పుట్టింది. మా ఇంట్లో ఒక ఏడు గూళ్లు కట్టే ముందు షెడ్డుకు షెడ్డే పసుపు నీళ్లు కక్కి పోయింది. ఆ వారం పిన్నమ్మ చూసుకోకుండా లోపలికి వెళ్లింది. అమ్మ ఏడుస్తూ పారతో ఎత్తి పోయడం నేను చూశాను.

రోజూ రెండు ముక్కలు రాసి చూపించమని మేడమ్ ఒక పుస్తకం ఇచ్చింది. అది స్నేహ దగ్గర ఉంది. ఇది నాది.

మార్చి 10, సోమవారం

నేను బయట వరండాలో ఉన్నాను, ఆ మూడు రోజులు. స్నేహే ఆకు సన్నగా కోసి వేస్తోంది. గుమ్మం అవతల నుంచి అడుగుతుంది.

"చిన్నమ్మా, ఇంత చాలునా?"

"ఇంగొంచెం పల్చగా వెయ్యి. దిబ్బగా పోయద్దు."

"నువ్వు ఆన్నుంచే చూస్తే కూడా చస్తాయా?"

"చూస్తే ఏం కాదు."

"అయితే చూపుకు మైల లేదన్నమాట" అని నవ్వింది.

మార్చి 12

మూడో జ్వరం. ఒక్కటీ పోలేదు. రేపు నేను తల స్నానం చేసి లోపలికి పోతాను.

మార్చి 15, శనివారం

బడిలో కథలు చదివే రోజు. పిల్ల ఒక పేజీ, తల్లి ఒక పేజీ. నా పేజీ కూడా స్నేహే చదివింది. నేను వేలు పెట్టి చూపిస్తూ పోయాను. నిజానికి నాకు చదవడం వచ్చు. ఇంట్లో అంగడి నుంచి వచ్చిన కాగితాలన్నీ చదువుతాను. నలుగురిలో నోరు రాదు, అంతే.

మార్చి 18

నాలుగో జ్వరం దాటాయి. ఇక పెద్ద తిండి. వేసిన ఆకు వేసినట్టే అయిపోయి ఈనెలు మిగులుతున్నాయి. స్నేహ బడి నుంచి రాగానే సంచి కింద పడేసి ముందు తట్ట దగ్గరికే. "వీటికి నాకంటే ఆకలెక్కువ" అంటుంది. అత్త కూడా మంచం అక్కడే వేయించుకుంది, పాత రోజులు గుర్తొస్తున్నాయని.

మార్చి 21, శుక్రవారం

రేపు పెనుకొండ ప్రయాణం. హాస్టలు కూడా చూపిస్తారట. సాయంత్రం ఆకంతా స్నేహే వేసింది. నన్ను రానీయలేదు. అన్నం సరిగ్గా తినలేదు. పదే పదే పెరట్లోకి పోయి కాళ్లు కడుక్కుంటోంది. అడిగితే "ఏం లేదు" అంది. రేపటి మీద ధ్యాస అనుకుంటాను.

మార్చి 22, శనివారం

పొద్దున కూడా స్నేహే ఆకు వేసి బయలుదేరింది. బస్సులో మా ఊరి దారి కనిపించింది, స్నేహకు చూపించాను. కోట దగ్గర పిల్లలు మెట్లెక్కారు. తల్లులం నీడన కూర్చుని పులిహోర పంచుకున్నాం. స్నేహ మెట్లెక్కలేదు. కడుపు నొప్పి అంది.

తర్వాత హాస్టలు. పొడవాటి గది, వరసగా ఇనప మంచాలు. స్నేహ నేరుగా పోయి కిటికీ పక్క మంచం మీద కూర్చుంది. "ఇది నాది" అంది. అక్కడి వార్డెనమ్మ "అట్లనే పెట్టుకో, వేరే ఎవరికీ ఇయ్యనులే" అంది. ఆ పిల్ల ముఖం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

అక్కడే, నీళ్ల గదిలో, తలుపు సందులో నుంచి నన్ను పిలిచింది. పరికిణీ మీద మరక చూపించింది.

నేను లోపలికి పోయి తలుపు వేశాను. "ఎప్పటి నుంచి?"

"ఇప్పుడే" అంది. తర్వాత, "అవ్వకు చెప్పొద్దు చిన్నమ్మా. చెప్తే నన్ను ఈడికి పంపరు. నాకు తెలుసు."

వార్డెనమ్మ ఏమీ అడగకుండా కావలసినవి ఇచ్చింది. "ఎవ్వురికీ చెప్పను. ఏప్రిల్ ఐదు దాటనీ" అన్నాను. ఒట్టు పెట్టించుకుంది. పెట్టాను.

బస్సు దిగాక ఇంటి సందులో మాత్రం ఒక మాట చెప్పాను. "మూడు రోజులు తట్ట కాడికి రావద్దు."

"మేడమ్ ఏం కాదని చెప్పింది గదా."

"మేడమ్‌కేం తెలుసు? గూడు కట్టే ముందు పోయినాయంటే ఒక్కటి మిగలదు. నేను చూసినా."

ఏదో చెప్పబోయి ఆగింది. "సరే" అంది.

మూడు రోజులే కదా. పురుగులూ దక్కుతాయి, పిల్ల చదువూ దక్కుతుంది. మేడమ్ ముందు స్నేహ తట్టే అందరికంటే బాగుండాలి.

మార్చి 23, ఆదివారం

ఆకంతా నేనే వేశాను. స్నేహ గుమ్మం దగ్గర నిలబడి చూసింది.

"ఏమ్మే, ఈ పొద్దు చెయ్యి పెట్టవా?" అంది అత్త.

"కాళ్లు నొప్పులవ్వా. కోట ఎక్కినా గదా."

అత్త చింతపండు గింజలు తీస్తూ ఉంది. తల ఎత్తి ఒకసారి స్నేహను, ఒకసారి నన్ను చూసింది. మళ్లీ గింజలు తీసుకుంది. ఏమీ అనుకోలేదనే అనుకుంటున్నాను.

మార్చి 24, సోమవారం

నేను ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం ఆయన ఆకు తెచ్చి వరండాలో పెట్టిపోయారు. నేను పెరట్లో గుడ్డలు ఆరేస్తున్నాను. అత్త ఆకు గంప తీసి స్నేహ చేతిలో పెట్టింది. "నువ్వే వెయ్యి. సుకన్యకు చేతకాదు, దిబ్బగా పోస్తాది" అంది. స్నేహ గంప పట్టుకుని తట్ట దగ్గరికి రెండు అడుగులు వేసింది. నేను పెరటి తలుపు దగ్గర నుంచి చూశాను.

"ముట్టుకోవద్దు!"

ఆ గొంతు నాదేనా అనిపించింది. ఈ ఇంటికి వచ్చాక నేను గట్టిగా మాట్లాడింది లేదు. పక్కింటివాళ్లు గోడ మీద నుంచి తొంగి చూశారు. స్నేహ గంప అక్కడే పెట్టేసి వెనక్కి జరిగింది. సరిగ్గా నేను వరండాలో ఉన్నప్పుడు నిలబడే చోటికే జరిగింది.

అత్త లేచింది. కోప్పడలేదు. ముఖమంతా నవ్వు.

"ఎన్నాళ్లాయె తల్లీ?"

స్నేహ నా వైపు చూసింది. అత్త వైపు కాదు. నా వైపు.

"నాకు అనుమానంగానే ఉండె. రేష్మ ఇంటి పిల్లవు, నీకు తెలీకుండా పోతాదా" అని అత్త నా బుగ్గ నిమిరింది. నన్ను మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. పసుపు తెమ్మంది. ధర్మవరానికి ఫోన్ చేసింది. ఆయన అంగడి నుంచి వస్తూ నువ్వులు, బెల్లం తెచ్చారు.

అత్త ఎలాగూ కనుక్కునేది. రోజూ గుడ్డలు చూస్తుంది. నేను అరవకపోయినా కనుక్కునేది.

మార్చి 25

నేను ఎవరికీ చెప్పలేదు.

మార్చి 26, బుధవారం

అశోక్ పచ్చి కొబ్బరి మట్టలు తెచ్చాడు. పెద్దమనిషైన పిల్లకు మేనమామ తెచ్చిన మట్టలతోనే గుడిసె వేయాలి. వరండా మూల తానే కట్టాడు. స్నేహ అందులో చాప మీద, గోడ వైపు తిరిగి కూర్చుంది.

"ఏమప్పా, పనితనం బాగుండాదే! రేపు ఇల్లు కూడా ఇట్లనే కడతావా?" అని ఎదురింటి ఆమె ఎకసెక్కమాడింది. అశోక్ చెవులు ఎర్రబడ్డాయి.

కాఫీ ఇస్తుంటే అత్తతో అన్నాడు, "పిల్ల ఇంగా శానా చిన్నది గదత్తా."

"ఇప్పుడే తోలుకపొమ్మన్నామా? మాట అనుకుంటే నిలకడగా ఉంటాది. మళ్ల నీకు యాడ దొరుకుతాదప్పా పిల్ల?"

అతను కాఫీ తాగి గ్లాసు కడిగి పెట్టాడు. ఇంకొక్క మాట అంటాడేమోనని నేను గుమ్మం దగ్గరే ఉండిపోయాను. నేను కూడా అనవచ్చు. అనలేదు.

ఏప్రిల్ ఆరున ఫంక్షను. మాట కూడా ఆ రోజే. ఇక బడికి పంపరు. పరీక్షలు కూడా వద్దన్నారు. "ఐదో తరగతి పరీక్ష రాసి కలెక్టరు అవుతాదా" అన్నారు ఆయన, నవ్వుతూనే.

మార్చి 28

పురుగులు పండాయి. ఒళ్లు అద్దంలా అయి, తల అటూ ఇటూ తిప్పుతూ దారం తీస్తున్నాయి. ఏరి, గూళ్లు కట్టుకునే చంద్రిక మీదికి ఎక్కించాను. స్నేహ ఆ వెదురు చట్రాన్ని చూడాలని ఎన్నాళ్ల నుంచో అనేది. ఎత్తుకుపోయి గుడిసె ముందు నిలబెట్టాను, కొంచెం దూరంగా. చూసి మళ్లీ గోడ వైపు తిరిగింది.

మార్చి 30, ఉగాది

పచ్చడి ఆకులో పెట్టి గుడిసెలోకి జరిపాను. తినలేదు.

ఏప్రిల్ 2

గూళ్లు ఒలిచాను. గట్టిగా, తెల్లగా ఉన్నాయి. ఒక్క పురుగు కూడా పోలేదు. అమ్మ చూస్తే సంతోషపడేది.

ఏప్రిల్ 5, శనివారం

బడికి నేను ఒక్కదాన్నే పోయాను. గూళ్లు ఇచ్చి తట్ట తిరిగి అప్పజెప్పి రమ్మంది అత్త. మూల అంగడి దగ్గర ఎడమకు తిరిగాను.

బెంచీల మీద అందరి గూళ్లూ వరసగా పెట్టారు. కొందరివి సగం పోయాయి. ఒకరివి చీమలు తిన్నాయి. మేడమ్ మా గూడు ఒకటి తీసి చెవి దగ్గర ఊపి చూసింది.

"స్నేహ యాడమ్మా? వారం దాటిపాయె రాక. వాళ్ల నాయన రాలేదా?"

"ఊరికి పోయింది" అన్నాను.

"పెనుకొండ సంగతి?"

"ఆలోచిస్తాండారు."

"సోమవారం దాకా ఆగుతా. ఆ మీట సీటు వేరేవాళ్లకు పోతాది. ఇది నా నెంబరు, పెట్టుకో" అని నా ఫోన్‌లో తనే వేసింది. తర్వాత అందరినీ పిలిచింది. "వీళ్ల తట్టలో ఒక్క పురుగు కూడా పోలేదు. ఎట్ల పెంచినారో సుకన్య చెప్తుంది, వినండి."

లేచాను. ఎలా లేచానో తెలియదు. మాట్లాడాను. ఆకు ఏ పొద్దు కోయాలో, ఎంత పల్చగా వేయాలో, జ్వరంలో ఎందుకు కదిలించకూడదో, అంగడి చొక్కా ఎందుకు బయట విడవాలో, అన్నీ చెప్పాను. ఒకామె "మైల చూసినారా?" అని అడిగింది. "చూసినాం" అన్నాను. తల్లులు తలలు ఊపారు. మేడమ్ మాత్రం ఊపలేదు. చివరికి అందరూ చప్పట్లు కొట్టారు.

నలుగురి ముందు నోరు తెరిచాను. తెరిచి పురుగుల సంగతి చెప్పాను.

ఇంటికి వచ్చేసరికి అత్త, ఆయన రేపటి సామాన్లకు బజారుకు పోయి ఉన్నారు. ఒక గూడు నా కొంగులో దాచి తెచ్చాను. గుడిసెలోకి చెయ్యి చాపాను.

"తీసుకో."

స్నేహ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "నేను ముట్టుకోకూడదు గదా."

"గూళ్లు అయిపోయినాయి తల్లీ. ఇప్పుడేం కాదు."

"అప్పుడు ముట్టుకొనుంటే ఏమయ్యేది?"

"పోయేవి."

నన్నే చూసింది. పదకొండేళ్ల పిల్ల చూపు కాదు అది.

"నాకు పెనుకొండలో కాలేదు చిన్నమ్మా. శుక్రవారం బడిలోనే అయ్యింది. భయమై చెప్పలేదు. ఆ సాయంత్రం ఆకంతా నేనే వేసినా. శనివారం పొద్దున గూడా వేసినా. చేత్తో ఒక్కొక్కటే ఎత్తి కింద శుభ్రం చేసినా. ఏదీ చావలేదు గదా. చెప్దామనుకున్యా ఆ పొద్దు సందులో. నువ్వు తిడతావని చెప్పలే."

గూడు నా చేతిలోనే ఉంది. వాళ్లు వచ్చేదాకా అలాగే కూర్చున్నాను.

ఏప్రిల్ 6, ఆదివారం

అయింది. అశోక్ తెచ్చిన పట్టు పరికిణీ కట్టారు. పిల్లకు పొడవైంది, నేనే లోపలికి మడిచి కుట్టాను. తాంబూలాలు మార్చుకున్నారు. అందరూ కడుపునిండా తిన్నారు. ఫోటోలో నన్ను పక్కన నిలబడమన్నారు. నిలబడ్డాను.

ఏప్రిల్ 7, సోమవారం

పొద్దున ఆయన అంగడికి పోయాక పెరట్లోకి పోయి మేడమ్‌కు ఫోన్ చేశాను. "ఎవరు?" అంది. రెండుసార్లు అడిగింది. మూడోసారి "స్నేహ వాళ్ల చిన్నమ్మను" అన్నాను. ఆ తర్వాత అంతా చెప్పాను. గుడిసె సంగతి, తాంబూలాల సంగతి, ఊరికి పోలేదన్న సంగతి. నేను అరిచిన సంగతి కూడా.

సాయంత్రం మేడమ్ ఇంటికి వచ్చింది. ఆయన కుర్చీ వేశారు, మజ్జిగ ఇప్పించారు. ఆమె పెళ్లి మాట గురించి అడిగింది.

"పెండ్లా? ఎవురన్నారు మేడమ్? ఆచారానికి ఫంక్షన్ చేసుకుంటిమి, అంతే."

"అయితే మంచిది. పెనుకొండకు పంపించండి. ఈ పొద్దే ఆఖరు."

"చూద్దాం."

"చూద్దామంటే నాకు కుదరదప్పా. మాటలు అనుకున్నట్టు తేలితే నేను పైవాళ్లకు చెప్పాల్సి వస్తాది. సీటు ఇంగొక్క రోజు ఆపుతా. రేపు బడి వదిలేలోపల మీరు రావల్ల" అని లేచింది. పోతూ స్నేహ తల నిమిరింది. నా వైపు చూడలేదు. నన్ను కాపాడాలనే చూడలేదని నాకు తెలుసు.

గేటు పడగానే అత్త అడిగింది. "ఎవురు చెప్పిండేది ఆమెకు?"

నేను చెప్పలేదని అనవచ్చు. ఈ పుస్తకంలో రెండుసార్లు అదే రాసుకున్నాను.

"నేనే చెప్పినా" అన్నాను.

"నీ కడుపున పుట్టలేదనే గదా ఇట్ల చేసినావు" అంది అత్త. ఆయన నన్ను కొట్టలేదు. నా ఫోన్ తీసుకుని జేబులో వేసుకున్నారు. ధర్మవరానికి ఫోన్ చేసి, రేపు మధ్యాహ్నం బండి తెమ్మని అశోక్‌కు చెప్పారు. కొన్నాళ్లు పిల్ల అక్కడే ఉంటుందట, గొడవ చల్లారేదాకా.

ఈ సంగతి కూడా మేడమ్‌కు చెప్పాలి. బడి గేటు పొద్దున్నే తెరుస్తారు. ఫోన్ లేదు. పరవాలేదు, దారి తెలుసు. కాలవ దాటాలి. మూల అంగడి దగ్గర ఎడమకు తిరగాలి. స్నేహే చూపించింది.